చిప్ షేర్లు సగానికి పడ్డాయని కొనేముందు గోడౌన్‌లో సరుకెంత ఉందో చూడు తమ్ముడూ

నువ్వు అడిగింది రెండు ముక్కల్లో చెప్పి మొదలుపెడతా. హైదరాబాద్‌లో చిప్ డిజైన్ కంపెనీలో వెరిఫికేషన్ చేస్తున్నావు, 12 లక్షలు దాచుకున్నావు, ఇంకో 5 లక్షలు పర్సనల్ లోన్ వస్తుంది, మాంద్యం వచ్చి సెమీకండక్టర్ షేర్లు సగానికి పడితే మొత్తం ఒకేసారి పెట్టేయొచ్చా అని, పీఈ (షేరు ధర, ఆ షేరు మీద ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) 5 దగ్గర దొరికితే అంతకంటే చవక ఏముంటుంది అని. నేను ఈ ఇండస్ట్రీలో 25 ఏళ్ళు దాటి ఉన్నా, అందులో ఎక్కువ భాగం మెమరీ చిప్‌ల ప్రొడక్షన్ ప్లానింగ్‌లో, 2001, 2008, 2019, 2023 చిప్ మాంద్యాలు నాలుగూ లోపలి నుంచి చూసినవాడిని. ముందు జవాబు చెప్పేస్తా: పడ్డప్పుడు కొనాలి అన్న నీ ఆలోచన కరెక్టే, కానీ లోన్ వద్దు, ఒకేసారి వద్దు, ఆ పీఈ లెక్క మాత్రం ఈ రంగంలో నిన్ను తిన్నగా గోతిలోకి తీసుకెళ్తుంది. ఎందుకో వివరంగా రాస్తా, పెద్దగానే అవుతుంది, ఓపిగ్గా చదువు.

పీఈ సంగతి ముందు. అమెరికా మెమరీ చిప్‌ల కంపెనీ మైక్రాన్‌ని తీసుకో, ఎందుకంటే ఆ కంపెనీ లెక్కల్లో ఈ రంగం మొత్తం కథ కనపడుతుంది. 2018 ఆర్థిక సంవత్సరంలో వాళ్ళ అమ్మకాలు 30.4 బిలియన్ డాలర్లు, ఒక్కో షేరుకి లాభం 11 డాలర్ల 51 సెంట్లు. ఆ వేసవిలో షేరు 50-60 డాలర్ల మధ్య తిరిగింది, అంటే పీఈ 5 చుట్టూ. చూసినవాడికి ఏమనిపిస్తుంది, ఐదేళ్ళలో లాభాల్లోనే పెట్టుబడి మొత్తం తిరిగొచ్చేస్తుంది కదా అనిపిస్తుంది. అదే ఏడాది డిసెంబర్‌కి షేరు 30 దగ్గరుంది. అమ్మకాలు 2019లో 23.4 బిలియన్‌కి, 2020లో 21.4 బిలియన్‌కి దిగిపోయాయి. నువ్వు చూసిన పీఈలో కింద ఉన్న ఆ లాభం నిన్నటిది, రేపు ఆ లాభం ఉండదు అని మార్కెట్‌కి ముందే తెలుసు, అందుకే అంత తక్కువ రేటు కట్టింది.

ఇప్పుడు తిరగేసి చూడు. 2023 ఆర్థిక సంవత్సరంలో అదే మైక్రాన్ అమ్మకాలు అంతకుముందు ఏడాది 30.8 బిలియన్ నుంచి 15.5 బిలియన్‌కి పడ్డాయి, సరిగ్గా సగం. నష్టం 5.8 బిలియన్. పీఈ అనేదే లేదు, లాభమే లేనప్పుడు ఏ పీఈ. 2023 మార్చి 2తో ముగిసిన క్వార్టర్ (మూడు నెలలు) అయితే ఘోరం, 3.7 బిలియన్ అమ్మకాల మీద 2.3 బిలియన్ నష్టం, అందులో 1.4 బిలియన్ ఉత్తి ఇన్వెంటరీ (గోడౌన్‌లో ఉన్న సరుకు) విలువ తగ్గించుకోవడమే. ఆ రిజల్ట్స్ వచ్చిన మర్నాడు షేరు ఏమైందో తెలుసా, 7 శాతం పెరిగింది. షేరు అట్టడుగు తాకింది దానికి మూడు నెలల ముందు, 2022 డిసెంబర్‌లో 50 డాలర్ల దగ్గర. 2023 ముగిసేసరికి 85 చుట్టూ ఉంది, ఇంకా ఆ కంపెనీ లాభాల్లోకి రాకముందే. ఈ రంగంలో లాభాలు కనపడే దాకా ఆగితే బండి వెళ్ళిపోతుంది, లాభాలు బ్రహ్మాండంగా ఉన్నప్పుడు చవకని ఎక్కితే దిగువకి వెళ్ళే బండి ఎక్కినట్టు.

ఇది ఎందుకిలా జరుగుతుందో అర్థం కావాలంటే చిప్‌ల కంటే మిర్చితో చెప్తే తేలిక. మాది గుంటూరు వైపు. ఒక ఏడాది మిర్చి రేటు క్వింటాల్ 20 వేలు దాటిందనుకో, మరుసటేడు పత్తి వేసేవాడు కూడా మిర్చి వేస్తాడు, కౌలు రేటు పెరుగుతుంది, పంట వచ్చేసరికి యార్డు నిండిపోతుంది, కోల్డ్ స్టోరేజీల్లో పోయినేడాది సరుకే ఇంకా ఉంటుంది, రేటు సగానికి కూలుతుంది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాల్‌కి 11,781 రూపాయలు మద్దతుగా ప్రకటించాల్సి వచ్చింది గుర్తుందిగా. మిర్చి తినడం ఎవరూ మానేయలేదు, కారం వాడకం ఏం తగ్గలేదు, వేసినవాళ్ళు ఎక్కువైపోయారు అంతే. మెమరీ చిప్ అచ్చం ఇంతే. డీరామ్ (కంప్యూటర్లలో, ఫోన్లలో వాడే మెమరీ చిప్) చేసే పెద్దవాళ్ళు ముగ్గురే, శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఎవరి చిప్ అయినా కొనేవాడికి ఇంచుమించు ఒకటే, తేజా రకం మిర్చి ఏ ఊరి నుంచి వచ్చినా తేజానే అన్నట్టు. రేటు బాగుంటే ముగ్గురూ కొత్త ఫ్యాబ్‌లు (చిప్ ఫ్యాక్టరీలు) మొదలుపెడతారు, అది కట్టి మిషన్లు పెట్టి నడిపేసరికి రెండు మూడేళ్ళు, ముగ్గురి సరుకూ ఒకేసారి బయటికొస్తుంది. మిర్చికి లేని ఇంకో కష్టం కూడా ఉంది, ఫ్యాబ్ ఖర్చులో పెద్ద భాగం మిషన్లది, అది పని చేయించినా చేయించకపోయినా అరుగుదల లెక్క పడుతూనే ఉంటుంది, అందుకే రేటు పడుతున్నా ఆపకుండా నడుపుతారు, దాంతో రేటు ఇంకా పడుతుంది.

దీనికి తోడు కొనేవాళ్ళ వైపు నుంచి వచ్చే గందరగోళం. 2021లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు నేను ప్లానింగ్‌లో ఉండి కళ్ళారా చూశా, 100 కావాల్సినవాడు 150 రాసేవాడు, ఎలాగూ కోత కోసి 100 ఇస్తారులే అని, అదే 100 కోసం ఇంకో సప్లయర్ దగ్గర కూడా ఆర్డర్ పెట్టేవాడు. వేఫర్ (చిప్‌లు తయారుచేసే సిలికాన్ పళ్ళెం) ఫ్యాబ్ లోపలికి వెళ్ళి చిప్‌గా బయటికి రావడానికి మూడు నెలలు ఈజీగా పడుతుంది కాబట్టి మాకు కనిపించే డిమాండ్ నిజమా కాదా అనేది మూడు నెలల తర్వాతే తెలిసేది. 2022 మధ్యలో ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ అమ్మకాలు తగ్గాయి, అంతే, ఒక్కొక్కరూ ఆర్డర్ వెనక్కి తీసుకోవడం మొదలైంది, కొన్ని వారాల్లో మా షీట్‌లో ఎరుపు తప్ప ఇంకో రంగు లేదు. నిజమైన వాడకం కాస్తే తగ్గింది, కానీ కొనేవాడు తన గోడౌన్‌లో ఉన్నది వాడుకుంటూ కొత్తది కొనడం ఆపేశాడు, అందుకే మన దగ్గరికి వచ్చేసరికి ఆ కాస్త తగ్గుదల కాస్తా సగం అయి కూర్చుంది.

ఇక్కడే నీ ప్రశ్నలో ఉన్న ఒక పొరపాటు గురించి చెప్పాలి. ఆర్థిక మాంద్యమూ చిప్‌ల మాంద్యమూ ఒకేసారి వస్తాయి అనుకుంటున్నావు. కొన్నిసార్లు వస్తాయి, 2001లో ప్రపంచ చిప్ అమ్మకాలు 204 బిలియన్ నుంచి 139కి పడ్డాయి, 32 శాతం. 2009లో ప్రపంచమంతా మునిగినా పడింది 9 శాతమే. 2019లో అమెరికా ఎకానమీ బాగానే నడుస్తోంది, చిప్‌లు 12 శాతం పడ్డాయి. 2020లో కోవిడ్ వచ్చి ఎకానమీలన్నీ కుప్పకూలితే అందరూ ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లు కొన్నారు, చిప్ అమ్మకాలు 412 నుంచి 440 బిలియన్‌కి పెరిగాయి! 2023లో మళ్ళీ అమెరికా ఎకానమీ పెరిగింది, చిప్‌లు 8 శాతం తగ్గాయి. కాబట్టి జీడీపీ వార్తలు చూసి చిప్ షేర్లు కొంటా అంటే వాన మేఘం కోసం బావిలోకి తొంగి చూసినట్టు. ఈ రంగానికి దాని సొంత ఎండాకాలం, సొంత వానాకాలం ఉన్నాయి.

అందులోనూ చిప్‌లన్నీ ఒక్కసారే పడవు. 2023లో మెమరీ వాళ్ళు ఏడుస్తుంటే కార్లకీ ఫ్యాక్టరీలకీ చిప్‌లు చేసేవాళ్ళ దగ్గర ఇంకా ఆర్డర్లున్నాయి, 2024లో మెమరీ లేచింది, ఏఐ చిప్‌ల ఎన్‌విడియా ఆకాశంలో ఉంది, అప్పుడు ఈ కార్ల, ఫ్యాక్టరీల చిప్‌ల వాళ్ళు ఏడ్చే వంతు వచ్చింది. మైక్రోచిప్ అనే కంపెనీ, మైక్రోకంట్రోలర్లు (మిషన్లని నడిపించే చిన్న చిప్‌లు) చేస్తుంది, దాని అమ్మకాలు ఒక్క ఏడాదిలో 7.6 బిలియన్ నుంచి 4.4 బిలియన్‌కి పడ్డాయి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అంత నిలకడైన కంపెనీయే 2022లో 20 బిలియన్ నుంచి 2024కి 15.6కి దిగింది. కాబట్టి "సెమీకండక్టర్ షేర్లు పడ్డాయి" అని ఎవరన్నా అంటే ఏ చిప్‌లు, ఎవరికి అమ్మే చిప్‌లు అని అడగాలి.

మరి ఏం చూడాలి అంటే, నేనైతే మూడు చూస్తా, మొదటిదానికే ఎక్కువ విలువిస్తా. కంపెనీ క్వార్టర్లీ రిపోర్ట్ తెరిచి బ్యాలెన్స్ షీట్‌లో ఇన్వెంటరీ అని ఉంటుంది, దాన్ని ఆ క్వార్టర్ అమ్మకాలతో పోల్చు. మైక్రాన్ ఆ 2023 మార్చి క్వార్టర్‌లో 1.4 బిలియన్ విలువ తగ్గించుకున్నాక కూడా 8 బిలియన్ సరుకు గోడౌన్‌లో ఉంది, అమ్మింది 3.7 బిలియన్. అంటే రెండు క్వార్టర్లకి మించి అమ్ముకోవాల్సిన సరుకు. ఇలాంటి అంకె రెండు మూడు క్వార్టర్లుగా పెరుగుతూ పోతుంటే షేరు ఎంత పడినా తొందరపడకు, అది పెరగడం ఆగి మొదటిసారి తగ్గింది అంటే అప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చో. ఒక జాగ్రత్త, కంపెనీ దగ్గర తగ్గినంత మాత్రాన కాదు, కొనేవాళ్ళ దగ్గర కూడా తగ్గాలి, రిజల్ట్స్ తర్వాత జరిగే కాన్ఫరెన్స్ కాల్‌లో కస్టమర్ ఇన్వెంటరీ గురించి మేనేజ్‌మెంట్ ఏమన్నారో తప్పకుండా ఉంటుంది, ఆ పేరా చదువు, మిగతాది వదిలేసినా పర్లేదు. రెండోది, పోటీదారులు ఉత్పత్తి తగ్గిస్తున్నారా. మెమరీలో ఇది చాలా పెద్ద గుర్తు. మైక్రాన్ 2022 చివర్లోనే కోత మొదలెట్టి డిసెంబర్‌లో 10 శాతం ఉద్యోగాలు తగ్గిస్తామని చెప్పింది, అయినా అందరి కళ్ళూ శాంసంగ్ మీదే, ఎందుకంటే పెద్దవాడు నడుపుతూనే ఉంటే మిగతావాళ్ళు ఎంత ఆపినా లాభం లేదు. 2023 ఏప్రిల్‌లో శాంసంగ్ కూడా మెమరీ ఉత్పత్తి తగ్గిస్తున్నాం అని ప్రకటించింది. ఆ ఏడాది వాళ్ళ చిప్ విభాగానికి దాదాపు 15 ట్రిలియన్ కొరియా వాన్ నష్టం, అంత పెద్దవాడికి కూడా నొప్పి తగిలాకే ఆపాడు. మిర్చి యార్డులో పెద్ద రైతు కూడా ఈసారి వేయను అన్నప్పుడు రేటు కుదుటపడుతుంది చూడు, అలాగ.

మూడోది అప్పు, చేతిలో డబ్బు. దీన్ని చాలామంది చూడరు, కానీ మాంద్యంలో బతికి బట్టకట్టేది ఎవరో తేల్చేది ఇదే. క్విమోండా అని జర్మనీ మెమరీ కంపెనీ, 2009 జనవరిలో దివాలా. స్పాన్షన్, ఫ్లాష్ మెమరీలో పెద్ద పేరు, అదే ఏడాది మార్చిలో దివాలా రక్షణ కోసం కోర్టుకెళ్ళింది. ఎల్పిడా, జపాన్ మొత్తానికి మిగిలిన ఒకే ఒక్క డీరామ్ కంపెనీ, 2012 ఫిబ్రవరిలో దివాలా, 2013లో మైక్రాన్ కొనేసుకుంది. ఆ షేర్లు సగానికి పడ్డప్పుడు చవక అని కొన్నవాళ్ళు ఉన్నారు, ఇంకా పడితే ఇంకా కొన్నవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకి చిప్‌ల సైకిల్ (ఎగుడుదిగుడుల చక్రం) మళ్ళీ పైకి వచ్చినప్పుడు ఏమీ మిగల్లేదు. అదే సమయంలో తైవాన్‌లో వేరే కంపెనీలకి చిప్‌లు చేసిపెట్టే టీఎస్‌ఎంసీ చూడు, 2009లో దాన్ని స్థాపించిన మోరిస్ చాంగ్ 77 ఏళ్ళ వయసులో మళ్ళీ సీఈఓగా వచ్చి, తీసేసిన ఉద్యోగుల్ని వెనక్కి పిలిచి, అందరూ ఖర్చు ఆపేస్తుంటే 2009లో 2.7 బిలియన్ ఉన్న పెట్టుబడి ఖర్చుని 2010లో 5.9 బిలియన్‌కి పెంచాడు. స్మార్ట్‌ఫోన్ల గిరాకీ వచ్చేసరికి సరుకు ఇవ్వగలిగినవాడు ఆయనే. చేతిలో డబ్బున్నవాడికి మాంద్యం అంటే పొలం కొనుక్కునే సమయం, అప్పులో ఉన్నవాడికి అమ్ముకునే సమయం.

సగానికి పడింది అనే మాట గురించి కూడా. 2000 మార్చిలో, అమెరికా మార్కెట్‌లోని పెద్ద చిప్ షేర్లని కలిపి లెక్కేసే ఫిలడెల్ఫియా సెమీకండక్టర్ ఇండెక్స్ శిఖరం మీద ఉంది, అక్కణ్ణుంచి 2002 అక్టోబర్‌కి 84 శాతం పడింది. సగానికి పడ్డప్పుడు కొన్నవాడి దగ్గర 100 రూపాయలు 32 అయ్యాయి. శిఖరం మీద కొన్నవాడు అసలు రేటు మళ్ళీ చూడటానికి 17-18 ఏళ్ళు పట్టింది. ఇంకో లెక్క, 2022లో ఎన్‌విడియా, ఇంటెల్ రెండూ సుమారు 50 శాతం చొప్పున పడ్డాయి, ఒకే ఏడాది, ఒకే రంగం, ఒకే పడుడు. 2023లో రెండూ లేచాయి కూడా, ఎన్‌విడియా మూడింతలు దాటింది, ఇంటెల్ 90 శాతం పెరిగింది. 2024లో ఎన్‌విడియా ఇంకో 170 శాతం పెరిగితే ఇంటెల్ 60 శాతం పడింది, డివిడెండ్ కూడా ఆపేసింది. 2022 డిసెంబర్‌లో ఈ రెండిట్లో ఇంటెల్ చవక, పేరున్నది, డివిడెండ్ ఇచ్చేది, చాలామంది పెద్దలు అదే సేఫ్ అన్నారు. నేను కూడా ఆ రెండిట్లో ఏది గెలుస్తుందో ముందే తెలుసని చెప్పలేను, అందుకే ఒక్క కంపెనీ మీద కాకుండా రంగం మొత్తం ఉండే ఈటీఎఫ్ (చాలా కంపెనీల షేర్లు కలిపి, ఒక షేరులా కొనగలిగే ఫండ్) ద్వారా పెట్టమని చెప్తా, ఒక్క కంపెనీ కావాలనుకుంటే అందులో చిన్న భాగం.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. నువ్వు చిప్ కంపెనీలో పని చేస్తున్నావు, నీ ఆర్‌ఎస్‌యూలు (జీతంతో పాటు కంపెనీ విడతలుగా ఇచ్చే షేర్లు) చిప్ కంపెనీవి, ఇప్పుడు దాచుకున్న డబ్బు కూడా చిప్‌లలోనే, పైన లోన్. 2000లో నేను కాలిఫోర్నియాలో ఒక చిప్ కంపెనీలో చేరా, జీతంలో 10 శాతం ఎంప్లాయీ స్టాక్ ప్లాన్‌లో పెట్టా, వచ్చిన స్టాక్ ఆప్షన్లు (ముందే అనుకున్న ధరకి కంపెనీ షేర్లు కొనే హక్కు) ఒక్కటీ అమ్మలేదు, మా కంపెనీ గురించి మాకు తెలియనిది బయటివాడికి ఏం తెలుసు అన్న నమ్మకం. 2001 చివర్లో లేఆఫ్‌లో నా పేరు వచ్చింది, హెచ్1బీ మీద ఉన్నా, మా ఆవిడ ఏడో నెల. ఆ రోజు బ్రోకర్ అకౌంట్ తెరిచి చూస్తే కొన్నదాంట్లో అయిదో వంతు ఉంది. ఉద్యోగం పోయిన రోజే డబ్బు కావాలి, డబ్బు కావాల్సిన రోజే షేరు అడుగున ఉంది, ఈ రెండూ యాదృచ్ఛికం కాదు, ఒకే కారణం వల్ల వచ్చాయి. అడుగున అమ్ముకుని ఇండియా టికెట్లు కొన్నా. అందుకే నా చేతి కింద పని చేసిన పిల్లలందరికీ ఒకటే చెప్పేవాణ్ణి, ఆర్‌ఎస్‌యూలు వెస్ట్ అవ్వగానే (పూర్తిగా మీ సొంతం కాగానే) అమ్మేసి వేరే చోట పెట్టండి, ఇంకా వెస్ట్ కాని వాటి రూపంలో కంపెనీ మీద మీ పందెం ఎలాగూ ఉంటుంది. హైదరాబాద్‌లో ఈ రంగంలో ఉన్న మనవాళ్ళు ఇప్పుడు వేలల్లో ఉన్నారు, చాలామంది ఇళ్ళ ఈఎంఐలు కూడా ఆ షేర్ల ధైర్యంతోనే తీసుకున్నారు, అది చూస్తే నాకు నిద్ర పట్టదు.

నీ స్థానంలో నేనుంటే 12 లక్షల్లో ముందు ఏడాది ఇంటి ఖర్చు ఎంతో అంత ఎఫ్‌డీలోనో లిక్విడ్ ఫండ్‌లోనో పెట్టి మర్చిపోతా, ఆర్నెల్లు చాలు అంటారు బయట, మన రంగంలో చాలదు, లేఆఫ్ వచ్చినప్పుడు ఊళ్ళో ఉన్న కంపెనీలన్నీ ఒకేసారి హైరింగ్ ఆపేస్తాయి. మిగిలిందాంట్లో ఎక్కువ భాగం మామూలు ఇండెక్స్ ఫండ్. చిప్‌లకి 2 లక్షలు, మహా అయితే 3, అది కూడా ఆరు భాగాలు చేసి క్వార్టర్‌కి ఒకటి, రిజల్ట్స్ వచ్చిన వారం. ఏడాదిన్నర పడుతుంది, చిప్ సైకిల్ పై నుంచి అడుగుకి రావడానికి కూడా సుమారు అంతే పడుతుంటుంది, కాబట్టి ఎక్కడో ఒక చోట అడుగు దగ్గర నీ కొనుగోలు ఒకటో రెండో పడతాయి. ఇన్వెంటరీ తగ్గడం మొదలైన క్వార్టర్‌లో రెండు భాగాలు ఒకేసారి పెట్టినా తప్పు లేదు. మైక్రాన్ 2025 ఆర్థిక సంవత్సరంలో 37.4 బిలియన్‌తో రికార్డు అమ్మకాలు చేసింది, ఏఐ సర్వర్ల మెమరీ గిరాకీ అలాంటిది, ఇలాంటి కాలంలో కూడా లాభాలు చూసి పీఈ తక్కువ అని మొత్తం దింపేయొద్దు, పైన 2018 గురించి రాసింది అందుకే.

మన ఎక్స్ఛేంజ్‌లో ఉన్న "సెమీకండక్టర్" షేర్ల గురించి కూడా అడుగుతారు ఎవరో ఒకరు. సీజీ పవర్, కేన్స్ లాంటివి గుజరాత్‌లోని సాణంద్‌లో చిప్ ప్యాకేజింగ్, టెస్టింగ్ ప్లాంట్ల పనిలో ఉన్నాయి, సీజీ పవర్ అసలు వ్యాపారం మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు. గుజరాత్‌లోనే ధొలేరాలో ఫ్యాబ్ పెడుతున్న టాటా ఎలక్ట్రానిక్స్ లిస్ట్ కాలేదు. మన దేశంలో ఈ పని నిలబడాలని మనసారా కోరుకుంటా, కానీ ఇవి మాంద్యంలో చవకగా దొరికే సైకిల్ షేర్లు కావు, భవిష్యత్తు మీద రేటు కట్టినవి, వీటికి నేను చెప్పిన లెక్కలు వర్తించవు.

అమెరికా షేర్లు ఇక్కణ్ణుంచి కొంటే కొన్ని లెక్కలు ముందే తెలుసుకో. ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపుకోవడానికి ఆర్‌బీఐ ఇచ్చిన వీలు) కింద ఒక ఆర్థిక సంవత్సరంలో పంపింది 10 లక్షలు దాటితే దాటిన దాని మీద 20 శాతం టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, నువ్వనుకున్నట్టు 12 లక్షలూ ఒకే ఏడాదిలో పంపితే 40 వేలు ఆగిపోతాయి, రిటర్న్‌లో వెనక్కి వస్తాయి కానీ అప్పటిదాకా నీ చేతిలో ఉండవు. డివిడెండ్ మీద అక్కడే 25 శాతం కోస్తారు, దానికి ఇక్కడ క్రెడిట్ తీసుకోవచ్చు. 24 నెలలు దాటి అమ్మితే లాభం మీద 12.5 శాతం, లోపు అమ్మితే నీ స్లాబ్ ప్రకారం. అక్కడి షేర్ల విలువ 60 వేల డాలర్లు దాటితే మనిషి పోయాక అమెరికా ఎస్టేట్ ట్యాక్స్ పడుతుంది, ఆర్‌ఎస్‌యూలు పోగేసుకునేవాళ్ళు ఇది ఇంట్లోవాళ్ళకి చెప్పి ఉంచాలి. ఐటీఆర్‌లో షెడ్యూల్ ఎఫ్‌ఏ (విదేశీ ఆస్తుల వివరాలు) నింపడం మాత్రం మర్చిపోవద్దు, ఒక్క షేరున్నా నింపాలి, అదీ మన ఆర్థిక సంవత్సరం లెక్కన కాదు, జనవరి నుంచి డిసెంబర్ లెక్కన. నీ దగ్గర ఇప్పటికే వెస్ట్ అయిన ఆర్‌ఎస్‌యూలున్నాయి కాబట్టి కొత్తగా ఒక్క రూపాయి పెట్టకపోయినా నువ్వు నింపాల్సిందే, పోయినేడాది నింపావో లేదో ఈ వారమే ఒకసారి తెరిచి చూసుకో.